దుర్గగారి పెరుగన్నం, నా తొట్టి నీళ్లు

తొమ్మిదేళ్లుగా ఒక విషయం నా లోపలే ఉండిపోయింది. కొన్నాళ్లకి దాని బరువు అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. ఈ మధ్య పెరుగన్నం కలుపుకుంటుంటే కూడా చెయ్యి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు రాయను. నేను రాయకపోయినా న్యూజెర్సీలో మావాళ్లు కొందరు పోల్చుకుంటారు. ఎవరిమీదో ఒకరిమీద ఫిర్యాదు రాయకుండా నేను ఉండలేనని వాళ్లకి తెలుసు. ఇంటి ఓనరు హీటింగ్ సరిగా ఇవ్వకపోతే రాశాను. ల్యాబ్‌లో నా తర్వాత చేరినవాడికి ప్రమోషన్ ఇస్తే నాలుగు పేజీలు రాశాను. ఉగాది సంచికలో నా వ్యాసాన్ని సగానికి కోసిన పెద్దమనిషితో ఇప్పటికీ మాట్లాడను. నాకు జరిగిన అవమానాలు ఏ రోజు, ఏ గదిలో, ఎవరెవరి ముందు జరిగాయో గుర్తుంటాయి. నేను చేసినదాన్ని మాత్రం ఎవరికీ రాయలేదు.

నా ఉద్యోగం నీళ్ల పరీక్ష. ఊళ్ల కుళాయి నీళ్లలో క్రిములున్నాయో లేదో చూసి చెప్పడం. ఇంట్లో సరదా కూడా నీళ్లతోనే ఉండేది. అప్పట్లో ఎడిసన్‌లో ఒక ఇంటి పై భాగంలో అద్దెకుండేవాళ్లం. హాల్లో గోడ వారగా పెద్ద గాజు తొట్టి కట్టాను. అందులో మట్టి పోసి, మనీ ప్లాంటు, ఫెర్నులు నాటాను. ఒక మూల ప్లాస్టిక్ టబ్బు పాతి కొలను చేశాను. చిన్న మోటారు పెడితే రాళ్లమీంచి నీళ్లు జారేవి. అందులో ఒక వాటర్ డ్రాగన్‌ని పెంచాను. పేరు అలా ఉంటుంది గానీ చూడటానికి మన తొండలాంటిదే, ఆకుపచ్చగా, మూరెడు పొడవు.

దానికొక అలవాటు ఉంది. నీళ్లలోకి దిగితేనే విసర్జిస్తుంది. అంటే నేనంత ముచ్చటపడి కట్టిన కొలను నిజానికి దాని పాయిఖానా. రోజూ నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లు బకెట్లో ఒక రోజు ఉంచి, క్లోరిన్ పోయాక పోయాలి. అది మునిగిపోకుండా లోతు తక్కువగా, గట్టు వాలుగా ఉండాలి. మొక్కలకి ఎరువు వేయకూడదు, నీళ్లలోకి దిగుతుంది. మోటారుకి అడ్డుగా పెట్టిన స్పాంజిని వారానికోసారి పిండి కడగాలి. అందులో పేరుకునే జిగురు వాసన ఒకసారి తగిలితే మరిచిపోలేం. ఇవన్నీ నాకు తెలుసు. తేటగా కనిపించే నీళ్లు శుభ్రమైనవి కావచ్చు, కాకపోవచ్చు అని నెల జీతం తీసుకుని మరీ చెప్పేవాణ్ణి. తెలియక జరిగిందని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

స్పాంజీ టబ్బూ బేస్‌మెంట్‌లో బట్టలుతికే సింక్‌లో కడిగేవాణ్ణి. కింది భాగంలో ఉండే ఆవిడ, వాసన వస్తోందని ఓనరుకి చెప్పింది. ఓనరు ఫోన్ చేసి, ఆవిడ లేని వేళ చూసుకుని కడుక్కోమన్నాడు. అంతే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నామీద ఫిర్యాదా? ఇక ఆ మెట్లు దిగకూడదనుకున్నాను. మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు వంటింటి సింక్‌లో కడగడం మొదలుపెట్టాను. కడిగాక బ్లీచ్ పోసి రుద్దేవాణ్ణి. దాదాపు ప్రతిసారీ.

మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఏడు. నెలకో ఆదివారం ఒకరింట్లో కలిసేవాళ్లం, తలా ఒక వంటకం పట్టుకుని. వాళ్లలో ఒకావిడని ఇక్కడ దుర్గగారు అంటాను. అసలు పేరు అది కాదు. ఆవిడ పెరుగన్నం తెస్తే పిల్లలు మిగతావాటి జోలికి పోయేవాళ్లు కారు. కరివేపాకు దొరకని రోజుల్లో కుండీలో ఒక మొక్కని బతికించుకుని, లెక్కగా నాలుగు రెబ్బలు తుంచి వేసేది.

ఒకసారి మా ఇంట్లో ఆ తొట్టి చూసి అందరి ముందూ అంది: “ఏవండోయ్ అన్నయ్యగారూ, బల్లికి వాటర్‌ఫాల్ కట్టించారు, బానే ఉంది. మరి మా వదినకి డిష్‌వాషర్ ఎప్పుడు?”

అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. అది ఉత్త సరదా మాట. నేను మాత్రం నవ్వలేదు. ఏడాది గడిచినా ఆ నవ్వు నాకు వినిపిస్తూనే ఉంది.

తర్వాతి వేసవిలో ఒక ఆదివారం మళ్లీ మా వంతు వచ్చింది. పొద్దున్న మా ఆవిడ సరుకులకి వెళ్లింది. నేను స్పాంజి పిండి, టబ్బు కడిగాను. బ్లీచ్ సీసా అందుకోబోతుంటే ఓనరు ఫోన్ చేశాడు, వచ్చేవాళ్ల కార్లు ఎక్కడ పెట్టిస్తావని. అతనితో పావుగంట వాదించాను. నేను ఫోన్ పెట్టేసరికి మా ఆవిడ వచ్చేసింది. సింక్‌కి మూత పెట్టి, నిండా నీళ్లు పట్టి, అందులో కీరా దోసకాయలు వేసింది. నేను గుమ్మంలోంచి చూశాను. ఆపమని చెప్పాలి. చెబితే ఇన్నాళ్లూ అక్కడ ఏం కడుగుతున్నానో కూడా చెప్పాలి. ఈపాటికి కొట్టుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఒక్క మాట. అది నోట్లోంచి రాలేదు.

ఆ కీరా ముక్కలు ఉప్పు కారం చల్లుకుని పిల్లలు తిన్నారు, వాళ్లతోపాటు ఒక పెద్దాయన కూడా.

మంగళవారానికి ముగ్గురు పిల్లలకీ ఆ పెద్దాయనకీ జ్వరం, విరేచనాలు. నాలుగేళ్ల పాపని ఆసుపత్రిలో చేర్చి, వారం పాటు సెలైన్ మీద ఉంచారు. చివరికి కోలుకుంది, కానీ నాలుగో రోజు వరకూ డాక్టర్లు ఏ మాటా ఖాయంగా చెప్పలేదు. ఫోన్ల మీద ఫోన్లు. ఏం తిన్నారు, ఏం తిన్నారు అని. “పెరుగన్నం చాలాసేపు కారులో ఉన్నట్టుంది కదా” అని మొదట అన్నది ఎవరో తెలుసా? నేనే. సాయంత్రానికి అది అందరి మాటా అయింది.

ఆసుపత్రివాళ్లు సాల్మొనెల్లా అని తేల్చారు. ఆ పేరు విన్నాక నాకు ఇంకో అనుమానం అక్కర్లేకపోయింది. పిల్లలకి ఆ జబ్బు అంటుకుంటోందని బుల్లి తాబేళ్ల అమ్మకాన్నే ఆపేసిన దేశం ఇది. తొండలూ బల్లులూ కూడా ఆ క్రిమిని కడుపులో మోస్తాయి. నేనూ మా ఆవిడా ఆ పెరుగన్నం రెండేసి సార్లు వడ్డించుకుని తిన్నాం, మాకేమీ కాలేదు. జబ్బుపడిన నలుగురూ కీరా తిన్నవాళ్లే.

గురువారం దుర్గగారు ఒక్కతే మా ఇంటికి వచ్చింది. చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా. మా ఆవిడ ఆఫీసులో ఉంది. దుర్గగారు కూర్చోలేదు.

“అన్నయ్యగారూ, ఆదివారంది కొంచెం మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టాను. మీ ల్యాబ్‌లో టెస్ట్ చేస్తారా?”

“ఇప్పుడెందుకమ్మా ఇదంతా?”

“నాకు తెలియాలండీ. నేను చేసింది తినే ఆ పిల్ల హాస్పిటల్లో పడిందంటే, వెళ్లి వాళ్లమ్మ కాళ్లు పట్టుకుంటాను. కాదంటే కాదని తెలియాలి. మిగతావాళ్లు నా మొహం చూసి ఏదో ఒకటి చెప్తారు. మీకా మొహమాటం లేదు.”

“చూస్తాను. టైం పడుతుంది.”

“ఎన్నాళ్లయినా పర్లేదు. మా ఆయనకి చెప్పకండేం. నీకు పిచ్చా అంటారు.”

లంచ్ టైములో, ఎవరూ లేనప్పుడు పరీక్ష చేశాను. డబ్బాలోదీ చేశాను, మా స్పాంజి పిండిన నీళ్లూ చేశాను. పెరుగన్నంలో ఏమీ రాలేదు. నమ్మలేక మళ్లీ చేశాను. నమ్మలేక అని రాశాను గానీ, అది అబద్ధం. ఏదో ఒకటి వస్తే బావుండునని చేశాను. రాలేదు. స్పాంజి నీళ్లు వేసిన, క్రిములు పెంచే పళ్లెం నిండా మధ్యలో నల్లటి చుక్కలున్న మచ్చలు. ఆ నల్లచుక్కలు దేనివో నాకు బాగా తెలుసు. పళ్లేలన్నీ నేనే పారేశాను.

ఆవిడకి ఫోన్ చేశాను. “ఏమీ తేలలేదమ్మా. ఫ్రీజర్‌లో పెట్టారు కదా, ఖాయంగా చెప్పలేం.”

ఆవిడ అడిగింది. “అంటే, ఉండొచ్చన్నమాట.”

“ఉండొచ్చు” అన్నాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? అది కొంత. కానీ ఒకరి వేలు నావైపు చూపడం నేను భరించలేనన్నదే అసలు కారణమనుకుంటాను. జీవితమంతా వేలు చూపించినవాణ్ణి. ఇంకొకటి కూడా ఉంది. తర్వాతి నెల ఎవరేం తేవాలో చెప్పుకుంటున్నప్పుడు పాప వాళ్లమ్మ, “దుర్గా, నువ్వు పేపర్ ప్లేట్లు తే, చాలు” అంది. ఆవిడ ప్లేట్ల కట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు నా లోపల ఎక్కడో తృప్తిగా అనిపించింది. ఇది రాయడం మిగతా అంతా రాయడం కంటే కష్టంగా ఉంది.

ఆ తృప్తి ఆ ఒక్క రోజే. ఆవిడ మాత్రం ఏడేళ్లు పేపర్ ప్లేట్లే తెచ్చింది. ఒక్కరోజూ ఎందుకని అడగలేదు. పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు, ఆ పెరుగన్నం రుచి మరిచిపోయారు. మా ఆవిడ కూడా దుర్గగారింట్లో కాఫీ తప్ప ఏదీ ముట్టేది కాదు. నేను చూస్తూ ఊరుకున్నాను.

తొట్టిని తీసేయలేదు, కానీ జాగ్రత్త మొదలుపెట్టాను. వేరే బకెట్, వేరే బ్రష్, చేతులకి తొడుగులు, కడగడం పెరట్లో. సరీసృపాలు పెంచేవాళ్ల క్లబ్బు పత్రికకి ఇంగ్లీషులో ఒక వ్యాసం కూడా రాశాను, కొలను నీళ్లు శుభ్రంగా ఉంచుకోవడం గురించి. వంటింటి సింక్ దగ్గరికి ఆ సామాను రానివ్వకండి అని అందులో రెండుసార్లు హెచ్చరించాను. ఎవరో ఒకాయన మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ముక్కూమొహం తెలియనివాళ్ల పిల్లల్ని కాపాడటానికి నిజం చెప్పగలిగాను. కారణం మాత్రం రాయలేదు.

రెండేళ్ల క్రితం దుర్గగారు వాళ్లు కాలిఫోర్నియా వెళ్లిపోయారు. వీడ్కోలు రోజున ఆవిడ నా దగ్గరికి వచ్చి, “ఆరోజు నా మాట విని టెస్ట్ చేసింది మీరొక్కరే అన్నయ్యగారూ, మరిచిపోను” అంది. నేను తల ఊపాను. ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను.

ఇది అచ్చయితే ఆవిడ చదవొచ్చు. పేరు మార్చినా ఆ డబ్బాని గుర్తుపడుతుంది. మా ఆవిడ కూడా గుర్తుపడుతుంది; ఈ కాగితాలు పోస్టులో పడేదాకా ఆమెకి తెలియనివ్వను, అంత పిరికివాణ్ణి ఇప్పటికీ. క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆవిడ సరేనంటుందేమో, ఆ సరే తీసుకునే హక్కు నాకు లేదు. నాకు కావలసింది ఒక్కటే, ఆరోజు ఫోన్‌లో చెప్పవలసిన మాటని ఒక్కసారైనా చెప్పడం.

ఆ పెరుగన్నంలో ఏమీ లేదు. ఉండొచ్చు అన్నాను. లేదు.