గుక్క తిప్పుకోకుండా మూడు ఊళ్లు

పన్నెండేళ్లుగా బస్సు కండక్టర్‌ని. ప్రొద్దుటూరు బస్టాండులో "జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల!" అని గుక్క తిప్పుకోకుండా అరవడం నాకు లెక్కే కాదు. నోరు పెద్దదని పేరు కూడా ఉంది. ఆ రోజు పొద్దున మాత్రం ముద్దనూరు అనేసరికి ఊపిరి తెగింది. మళ్ళీ అరిచాను. మళ్ళీ అక్కడే తెగింది.

"ఏంది సుజాతా, గొంతు పోయిందా?" అని నవ్వాడు మా డ్రైవర్ ఓబులేసు మామ.

"నీ బండి పొగకే!" అని కసిరాను. లోపల భయమేసింది.

నెల తిరిగేసరికి మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. ప్రొద్దుటూరులో డాక్టరమ్మ స్పైరోమెట్రీ అని ఊపిరి పరీక్ష చేయించింది. "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అంటుంటే కళ్లు బైర్లు కమ్మాయి. ఆస్తమా అంది. నాకు కోపమొచ్చింది.

"గట్టిగా ఊపిరి తీస్తే ఈ బిగుతు పోవాల గదా మేడమ్?"

"గాలిగొట్టాల చుట్టూ స్మూత్ మజిల్ అని కండ ఉంటుందమ్మా. మామూలువాళ్లు గట్టిగా ఊపిరి తీస్తే అది సాగి పట్టు వదులుతుంది. నీకు సాగినా వెంటనే మళ్ళీ బిగుసుకుంటుంది. పిక్క పట్టేసినట్టు అనుకో."

రెండు ఇన్‌హేలర్లు ఇచ్చింది. నీలంది ఆ పట్టు విడిపిస్తుందట. రోజూ వాడాల్సిన రెండోది లోపలి వాపు తగ్గించి, ఆ కండ అయినదానికీ కానిదానికీ బిగుసుకోకుండా చూస్తుందట.

రెండు నెలలు బుద్ధిగా వాడాను. బాగైపోయాననుకున్నాను. "ఆ రోజూ పీల్చేది స్టెరాయిడ్ అంట, అలవాటైతే జన్మలో మానలేవు" అంది మా వదిన. నాకు కావాల్సిందీ ఆ మాటే. మానేశాను. నీలందాన్ని సంచిలో టికెట్ మిషన్ పక్కన పెట్టుకుని, రోజుకు నాలుగైదుసార్లు పీలుస్తూ తిరిగాను.

ఒక మధ్యాహ్నం పులివెందుల నుంచి తిరిగొస్తున్నాం. ముద్దనూరు దాటాక ముందు నాపరాళ్ల లారీ, బస్సు నిండా దుమ్ము. ఛాతీ బిగిసింది. నీలంది పీల్చాను. మళ్ళీ పీల్చాను. లాభం లేదు. "గట్టిగా ఊపిరి పీల్చక్కా!" అని బస్సంతా ఒకటే గోల. పీల్చాను. ఇంకా బిగిసింది. కాసేపటికి కూత వేసేంత గాలి కూడా ఆడక పిల్లికూతలు ఆగిపోయాయి. చచ్చిపోతాననే అనుకున్నాను.

మామ అద్దంలో చూసినట్టున్నాడు. "ఎవురూ గంట కొట్టొద్దండి! జమ్మలమడుగు ఆస్పత్రి కాడనే బండి ఆపేది!" అని కేక పెట్టాడు. మధ్యలో దిగాల్సినవాళ్లు కూడా ఆస్పత్రి దాకా వచ్చేశారు.

ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్. కాస్త ఊపిరి అందాక డ్యూటీ డాక్టర్ అడిగాడు: "రోజూ వాడేది మానేశావా?"

లేదని తలూపాను, సిగ్గులేకుండా.

"అబద్ధం సారూ" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ మామ. "ఈయమ్మ పీల్చేది ఆ నీలం డబ్బా ఒక్కటే. నేను సూస్తానే ఉండా, అడగల్యా. నాదీ తప్పే."

నాకు ఏడుపాగలేదు.

రెండేళ్లయింది. ఉదయం, సాయంత్రం రోజువారీ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించడం పళ్లు తోముకోవడంలాగే అయిపోయింది. నాలాగే ఆస్తమా ఉన్నవాళ్లకు చెప్పేది ఒక్కటే: బాగున్నామని మీ అంతట మీరు రోజువారీ మందు మానకండి. బాగున్నది దానివల్లే.

ఇప్పుడు నేను మూడు ఊళ్లూ గుక్క తిప్పుకోకుండా అరిస్తే తప్ప మామ బండి కదిలించడు. మొన్న ఆటపట్టిద్దామని ముద్దనూరు అని కావాలనే ఆగాను. ఆయన ఇంజన్ ఆపేసి, సీటు దిగి వచ్చేశాడు.

"ఇట్టాంటి ఎకసెక్కాలు నాతో వద్దు పాపా" అన్నాడు. నా సంచిలో నీలం డబ్బా ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

మళ్ళీ అరిచాను, మూడు ఊళ్లూ, పులివెందుల దాకా.