మగ్గాలకు ముందు దారి

అక్కల్‌కోట్ రోడ్డు మీది టవళ్ల కార్ఖానాలో మా నాన్న పూలు, బొమ్మలు నేసే జకార్డ్ మగ్గం నడుపుతాడు. కంప్యూటర్లు, వైర్లు చూసే పని నాకూ అక్కడే దొరికింది. మగ్గాలకు డిజైన్లు ఆఫీసు గది నుంచి వైరు మీద వస్తాయి. ఆ వైర్లన్నీ కలిసే పెట్టెను, అంటే స్విచ్‌ని, బిగించింది నేనే.

ఎండాకాలం మొదట్లో డిజైన్లు సగంలో ఆగిపోవడం మొదలైంది. డిజైను రాకపోతే మగ్గం ఉత్తగా నిలబడుతుంది. వైర్లు మార్చినా లాభం లేకపోయింది. ఒకరోజు భోజనాల దగ్గర, పక్క మగ్గం నడిపే ఆయన నా ముందే నాన్నతో అన్నాడు: "నీ బిడ్డ ఆ డబ్బా పెట్టినసంది ఇదే పరేశాని. పాతదే బరాబర్ ఉండె."

నాన్న తలెత్తలేదు. రొట్టె తుంచుకుంటూ ఉండిపోయాడు. ఆయన ఏదో ఒకటి అని ఉంటే నాకంత బాధ అయ్యేది కాదు.

చేతులు కడుక్కుని నేరుగా కార్ఖానా యజమాని సేఠ్ దగ్గరికి వెళ్ళాను.

"ఇయ్యాల వేరే పని చెయ్య సేఠ్. తిప్పల ఏడున్నదో చూసినంకనే లేస్త."

"కొత్త డబ్బా తెప్పిద్దమా?"

"ఇది గూడ కొత్తదే. ముందుగాల దీంట్ల ఏమైతున్నదో చూడనియ్యుండ్రి."

స్విచ్ సెట్టింగులు తెరిచి, మగ్గాల షెడ్డుకు వెళ్ళే వైరు మీద నడిచే డేటా నకలు నా ల్యాప్‌టాప్‌కు వచ్చేలా పెట్టాను. కాసేపటికే సంగతి తెలిసింది. గేటు దగ్గరా గోదాములోనూ కొత్తగా పెట్టిన కెమెరాల బొమ్మలు, షెడ్డులోని సేఠ్ కేబిన్ తెర మీదికి అదే వైరు మీద పోతున్నాయి. దారి నిండిపోయి, చోటు దొరకని డిజైను ముక్కలను స్విచ్ పారేస్తోంది.

డిజైన్లు ముందు పోవాలని, స్విచ్‌లో డిజైను కంప్యూటరు వైరు గుచ్చే పోర్టు దగ్గర సెట్ చేశాను. డిజైను మళ్ళీ ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా కుర్చీలోంచి లేవలేదు. ఏ పోర్టులో ఎంత డేటా పోతోందో లెక్కలు మళ్ళీ చూశాను. రద్దీ లోపలికి వచ్చే చోట లేదు, షెడ్డు వైపు బయటికి పోయే పోర్టు దగ్గర ఉంది. అక్కడ డిజైన్లకు మొదటి వరుస ఇచ్చి, కెమెరాలకు హద్దు పెట్టాను.

"నాయినా, డిజైన్ పంపుతున్న, చూడు!" అని ఫోన్ చేశాను.

"వచ్చింది బిడ్డా. పూర్తిగ వచ్చింది." ఆ వెనకే మగ్గం చప్పుడు వినిపించింది.

అంతలో సేఠ్ వచ్చాడు. "కెమెరా బొమ్మ మసక మసకైంది. మల్ల పెంచు."

"పెంచ సేఠ్. పెంచితే మగ్గాలు ఆగుతయి. బొమ్మ సాఫ్ కావాల్నంటే కెమెరాలకు అలగ్ వైర్ గుంజుదం."

ఆయన "సరే, గుంజు" అన్నాడు.

ఇంటికి వెళ్తూ కుమఠా నాకా చౌరస్తా దగ్గర నాన్న బండి ఆపి చాయ్ చెప్పాడు.

"అదెట్ల పట్టినవో మొదటికెల్లి చెప్పు" అన్నాడు.

చెప్పాను. అర్థం కాని చోటల్లా ఆపి అడుగుతూ, చివరిదాకా విన్నాడు.