మాల్తె మేలుకునే వేళ

పసిపిల్లల్ని పగలు చూసుకోవడం ఇంగర్ పని. మా రెండిళ్ళకీ మధ్య పొదల కంచె ఒక్కటే అడ్డం. ఎంత చలైనా సరే, ఆమె దగ్గరి పిల్లలు పెరట్లో తమ తోపుడుబళ్ళలోనే, ముక్కులు ఎర్రబడేలా నిద్రపోతారు. మా రేవులో అందరం అలా పెరిగినవాళ్ళమే. సగంమందిని నిద్రపుచ్చింది ఇంగరే.

ఆ వరసలో మాల్తె బండి ఒక్కటే కుదురుగా ఉండేది కాదు. వాడికి ఏడాది నిండవస్తోంది. పొద్దున్నే పడుకోబెడితే గింజుకుని గింజుకుని, కాస్త కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు. ఇక రోజంతా చిరాకే.

"వాడికి ఆ వేళకి నిద్ర రావట్లేదే అమ్మాయ్," అంది ఇంగర్, వాడి తల్లి రిక్కెతో. "చంటిగుడ్డుగా ఉన్నప్పటి వేళ అది. ఇంకాసేపు ఆడనీ. అలిసిపోయి చెవి నలుపుకుంటాడు చూడు, అప్పుడు బండిలో వేద్దాం."

"వద్దు ఇంగర్. ఆ వేళకే వెయ్యి."

"నీకూ జోకొట్టినదాన్ని. నాకే చెబుతున్నావా?"

"జోకొట్టావు కాబట్టే బతిమాలుతున్నా."

ఇంగర్ ఆ వేళకే వేసింది. సాయంత్రం కంచె దగ్గర కాఫీ తాగుతూ నాతో అంది. "ఆ వేళ ఎవరిదో నాకిప్పుడు తట్టింది."

అది ఎస్బెన్‌ది. రిక్కె మొగుడు. రాత్రి వేటకెళ్ళి, తెల్లారి చేపలు దింపి, ఒంటిమీద ఉప్పైనా కడుక్కోకుండా బిడ్డ బండి తోసుకుంటూ రేవు చివరిదాకా వెళ్ళొచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి బిడ్డ నిద్రలో, తండ్రి నిద్రమత్తులో. కిందటి ఆకురాలే కాలంలో పడవ దొరికింది. ఎస్బెన్ దొరకలేదు.

మర్నాడు నా ఎదుటే ఇంగర్ రిక్కెని వెళ్ళనివ్వలేదు.

"ఇవాళొక్కరోజూ కూర్చుని చూడు. నచ్చకపోతే రేపట్నుంచి నీ మాటే."

పాత వేళ వచ్చింది. మాల్తె చెంచాతో గిన్నె వాయిస్తున్నాడు. తల్లిని చూసి నవ్వి, మళ్ళీ వాయించాడు. రిక్కె కళ్ళు మాత్రం తలుపువైపే ఉన్నాయి.

"వీడికి అసలు గుర్తే లేదు కదూ," అంది.

"లేదమ్మా," అంది ఇంగర్. అబద్ధమాడటం ఆమెకి చేతకాదు.

చాలాసేపటికి వాడు చెవి నలుపుకున్నాడు. బండిలో వేస్తే ఒకసారి ఒత్తిగిలి నిద్రపోయాడు. మా భోజనాలయ్యాక కూడా లేవలేదు. రిక్కె బండి పక్కనే నిలబడి, వాడు లేస్తాడేమోనని చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. పాత వేళకి వెయ్యమని మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు రిక్కె మాల్తెని ఇంగర్ దగ్గర దింపాక, పనికి వెళ్ళేముందు, ఖాళీ బండిని రేవు చివరిదాకా తోసుకెళ్ళి, తెచ్చి పెరట్లో పెడుతుంది. మొన్న ఎదురుపడితే అలవాటుకొద్దీ గొంతు తగ్గించి, బండిలోకి వంగి చూశాను. మడతపెట్టిన దుప్పటి ఉంది, అంతే.

"పర్లేదు, గట్టిగానే మాట్లాడు," అంది రిక్కె. "వాడింకా ఆడుకుంటున్నాడు."