ప్రార్థన చేసిన సామానుకు ఆకురాయి

మా తమ్ముడు దేవసహాయం ఇచ్చోడలో హైవే పక్కన లారీల స్టీరింగు పని చేస్తాడు. నలభై ఏళ్లుగా అదే పని; ఇంజను ముట్టడు. చదువు నాకంటే ఒక్క తరగతి ఎక్కువ, తెలివి నాకంటే తక్కువ. చేతి పనిలో మాత్రం వాడిని మించినవాడు ఈ రోడ్డు మీద లేడు. ఆ మాట వాడి ముందు అనను, నెత్తికెక్కుతుంది.

మా చర్చికి ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాత లారీ ఒకటుంది. దానికి కంపెనీ సామాను రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేదంతా బయట చేసిన సరుకే. మంచిదీ ఉంటుంది, మన్నులాంటిదీ ఉంటుంది. డబ్బాలు మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఈమధ్య ఆ లారీ ముందు చక్రాలను కలిపి తిప్పే కడ్డీ కొసన కీలు అరిగింది. శనివారం మెట్‌పల్లి సభలకు నలభై మందిమి అందులోనే నిర్మల్ ఘాటు దిగాలి. శ్రీరాంపూర్ గనిలో పనిచేసే మా చర్చి ప్రేమ్‌చంద్, తమ్ముణ్ణి ఊరి వరసన మామా అనేవాడు, కొత్త కీలు కొనితెచ్చాడు. అతని తండ్రి ఆ లారీ నడిపినవాడే. ఆయన జ్ఞాపకార్థం ఇచ్చాడు. ఆదివారం ఆరాధనలో దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి, పూలు చుట్టి, పాస్టరయ్య చేయి ఉంచి ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం. నేను గట్టిగానే అన్నాను.

సోమవారం షెడ్డులో తమ్ముడు పూలు తీసి, కీలును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మొహం మాడింది.

"అక్కా, జర ఇను."

గిన్నెలో గుండు కూర్చున్నట్టుంటుంది ఆ కీలు. కొత్తదైతే బిగువుగా, ఎటు వంచినా ఒకే తీరుగా కదలాలి. చప్పుడు రాకూడదు. ఇది టిక్కుమంది. వాడు దాని రబ్బరు టోపీ తీసి, ఇనుము గట్టిదో మెత్తదో గీకి చూడటానికి ఆకురాయి అందుకున్నాడు.

ప్రేమ్‌చంద్ అడ్డంపడ్డాడు. "ఏందే మామా! పాస్టరయ్య ప్రార్థన జేసిన సామానుకు ఆకురాయి పెడ్తవా?"

"ప్రార్థన జేసిండు గని, ఊపి సూడలే గద అల్లుడా."

"మా బాపు పేరు మీద ఇచ్చిన. నువ్వు గీకినవంటే చర్చిల నా ఇజ్జతేముంటది?"

నాకు ఆగలేదు. "నీ ఇజ్జత్ కోసం నలభై మందిమి లోయల పడాల్నా? గీకు తమ్మీ. దేవుడు అడిగితే నేను జెప్పుకుంట."

ఆకురాయి పచ్చి బెల్లంలో దిగినట్టు దిగింది. పొడి రాలింది. లారీ నుంచి ఊడదీసిన పాత కీలు మీద అదే ఆకురాయి పెడితే దాని పళ్లు సర్రున జారిపోయాయి.

"అరిగినా గని ముసల్దే గట్టిది, సూసినవా?" అన్నాను.

ప్రేమ్‌చంద్ టైరు మీద కూలబడ్డాడు. "బాపు ముప్పయ్యేండ్లు గీ ఘాటు దిగిండు. ఆయన పేరు మీద నేను తెచ్చింది గిసొంటిదా?"

"నువ్వు డబ్బ జూసి మోసపోయినవ్, అంతే," అన్నాడు తమ్ముడు. "రేపు నిర్మల్ పోదం. నువ్వే ఊపి తీసుకో. నేను నోరు తెరవ."

నేనూ వెంట పోయాను. ఇద్దరు మగవాళ్లను నమ్మి అంగడికి పంపే రకం కాదు నేను. ప్రేమ్‌చంద్ ఒక్కొక్క కీలును చెవికి ఆనించి ఊపుతుంటే దుకాణదారు నవ్వాడు. "ఫోన్ మాట్లాడుతున్నరా సార్?"

"మాట్లాడేది వద్దే నాకు. మాట్లాడనిది గావాలె."

మూడు పక్కన పెట్టాడు. నాలుగోది ఊపి, వంచి, ఆకురాయి తాకించి చూసి తమ్ముడి వైపు చూశాడు. వాడు ఒప్పుకున్న మాట ప్రకారం నోరు తెరవలేదు, కానీ పళ్లన్నీ కనిపించాయి.

శుక్రవారం కొత్త కీలు బిగించాక నేను కేబిన్‌లో కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పాను. కింద ఆ కీలు మీద ప్రేమ్‌చంద్ చేయి, దాని మీద తమ్ముడి చేయి.

"ఏమన్న తగులుతుందా అల్లుడా?"

"ఏం లే మామా. నున్నగున్నది."

"అయితే బండి మీద మీ బాపు పేరు రాయించుకో, ఫికర్ లేదు."

శనివారం ఘాటులో తమ్ముడే నడిపాడు. ప్రేమ్‌చంద్ పక్కన కూర్చున్నాడు. మలుపుల్లోనూ ఆడవాళ్లం పాట ఆపలేదు. మూడో మలుపులో తమ్ముడు గొప్ప చూపించుకోవడానికి ఒంటి చేత్తో తిప్పాడు. నేను వెనక కిటికీలోంచి చూసి చెంబుతో కేబిన్ రేకు మీద బాదాను.

"ఏందక్కా?"

"రెండు చేతులు పెట్టురా!"

పెట్టాడు.