పొడి దూది

కాల్చిన చాకుతో ప్లాస్టిక్ సీసా అడుగుభాగాన్ని చుట్టూ కోస్తోంది టీచరమ్మ. కోసిన అంచు పిల్లల వేళ్ళకు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, పక్కన పెట్టి, ఇంకో సీసా అందుకుంటోంది. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. వంటగది బల్ల నిండా ఇసుక, నలగ్గొట్టిన ఇటుకపొడి, రంపపు పొట్టు.

"రాత్రంతా కాలుగాలిన పిల్లిలా తిరిగావు. ఇప్పుడు సీసాల మీద పడ్డావా?" అన్నాడు భర్త, కుట్టుమిషను కింద నుంచి గుడ్డ పీలికలు ఏరి తెచ్చిస్తూ. ఆయన దర్జీ. "పిల్లలు ఒక్క మాట తప్పు చెప్పారని ఇంత హడావుడా?"

"ఒక్క మాటేనా? ఇన్నేళ్ళూ నేనేం నేర్పినట్టండీ? దూది నేర్పాను!"

ఆమె ప్రాథమిక పాఠశాలలో సైన్సు చెబుతుంది. ఒకచోట నిలవదు. నల్లబల్ల దగ్గర మొదలుపెట్టిన మాట కిటికీ దగ్గరికి వెళ్ళాక గానీ పూర్తవదు. పిల్లలు చాటుగా బొంగరం టీచరంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చేతికి తగిలిందే పాఠమని ఆమె నమ్మకం. అందుకే ఏటా గ్లాసులో తడి దూది పరిచి, పెసలు మొలకెత్తించి చూపిస్తుంది.

నిన్న పెద్ద బడి సైన్సు మాస్టారు వచ్చాడు. ఐదో తరగతి పిల్లలు శనివారంతో ఇక్కడ ముగించి ఆయన బడిలో చేరాలి. ఎలా ఉన్నారో చూద్దామని, "గింజ మొలకెత్తాలంటే ఏం కావాలర్రా?" అని అడిగాడు.

"దూది!" అంది తరగతంతా, పైకప్పు ఎగిరిపోయేలా.

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. టీచరమ్మ మాత్రం నవ్వలేకపోయింది. నీరు, గాలి, వెచ్చదనం అని ఎన్నిసార్లు చెప్పలేదు! పిల్లలు నోటిని వినలేదు, చేతిని చూశారు. చేతిలో ఏటేటా దూదే ఉంది. తప్పు తన పనితనంలోనే ఉంది. శనివారంలోగా దిద్దకపోతే ఆ దూదిని మూటగట్టుకుని పోతారు.

బడిలో ఆ సీసా గిన్నెలు ఐదు చెక్క పళ్ళెంలో సర్దింది. తడి ఇసుకలో, తడి ఇటుకపొడిలో, తడి పొట్టులో, తడి గుడ్డలో పెసలు వేసింది. చివరి గిన్నెలో మాత్రం పొడి దూది.

"ఏవి మొలుస్తాయో చెప్పండి."

వడ్రంగి కూతురు లేచింది. పట్టిన పట్టు వదలని పిల్ల. "దూదిలోవే! మా నాన్న దగ్గర పొట్టు కుప్పలుగా ఉంటుంది టీచర్. అందులో ఎప్పుడూ ఏదీ మొలవలేదు."

పొడి పొట్టులో ఎలా మొలుస్తుందే అనబోయి టీచరమ్మ నాలుక కరుచుకుంది. ఆ మాట గింజలే చెప్పాలి. పళ్ళెం మీద గుడ్డ కప్పి, ఎవరూ ముట్టుకోవద్దంది.

మర్నాడు పై ఆఫీసువాళ్ళు శిక్షణకు పిలిపించారు. పాఠం ఎలా చెప్పాలో ఎవరో చెబుతుంటే ఆమె కుర్చీ అంచున కూర్చుని గుమ్మం వైపు చూస్తూనే ఉంది. అది అయ్యీ అవగానే పరుగున బడికి వెళితే గేటుకు తాళం. ఇంటికొచ్చి గదికీ గుమ్మానికీ మధ్య తిరగసాగింది.

"పొయ్యి మీద పాలా అవి, కనిపెట్టుకుని ఉండడానికి? కాస్త కూర్చో," అన్నాడు భర్త.

"కూర్చుంటే మొలుస్తాయా?"

"తిరిగితే మాత్రం మొలుస్తాయా?"

శనివారం పిల్లలందరి ముందు గుడ్డ తీసింది. ఇసుకలో, ఇటుకపొడిలో, పొట్టులో, గుడ్డలో తెల్లటి తోకలు. చివరి గిన్నెలోనూ తెల్లటి తోకలే.

"దూది! దూది!" బల్లలు దద్దరిల్లాయి. టీచరమ్మ వంగి ఆ గిన్నెలోకి చూసింది.

చీపురుతో గుమ్మంలో నిలబడ్డ ఆయమ్మ నవ్వింది. "అన్నీ బాగా వచ్చాయే! మొన్న సాయంత్రం ఊడుస్తూ గుడ్డ ఎత్తి చూశానమ్మా, అదొక్కటే ఎండిపోయి ఉంది. తొందరలో మరిచిపోయారేమోనని నేనే ఇన్ని నీళ్ళు పోశాను." అందరూ తనవైపే చూడడంతో ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏం, తప్పు చేశానా?"

టీచరమ్మ నోరు తెరిచేలోగా వడ్రంగి కూతురు వచ్చి దూదిని నొక్కింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. ఆ పిల్ల ఇసుకను తాకింది. పొట్టును తాకింది. వేళ్ళు గౌనుకు తుడుచుకుని, అయిష్టంగా అంది:

"అన్నిట్లోనూ ఉన్నది నీళ్ళే. అయితే దూది ఊరికే కూర్చుందా టీచర్?"

"నీకేమనిపిస్తోంది?"

"ఇప్పుడే నమ్మను. మళ్ళీ చేయాలి. రెండు దూది గిన్నెలు. ఒకదానికి నీళ్ళు పోయాలి, ఇంకోదానికి చుక్క కూడా పోయకూడదు. అదీ ఆయమ్మ రాని చోట!"

"నన్నెందుకే మధ్యలోకి లాగుతావు!" అంది ఆయమ్మ. తరగతి గొల్లుమంది.

టీచరమ్మ చెయ్యి అలవాటుగా దూది చుట్ట వైపు వెళ్ళి, దాని మీదే ఆగింది. ఇదీ తనే చేస్తే పిల్లలు మళ్ళీ తన చేతినే చూస్తారు. పైగా ఈ బడిలో వాళ్ళకు ఇదే ఆఖరి రోజు.

పళ్ళెం ఖాళీ చేసి తుడిచింది. కోసినవాటిలో వాడకుండా మిగిలిన రెండు గిన్నెలు, దూది చుట్ట, గుప్పెడు పెసలు అందులో పెట్టింది.

"పెద్ద బడిలో నువ్వే చెయ్యి. ఏది మొలిచిందో, ఎందుకు మొలిచిందో ఆ మాస్టారికి చెప్పు."

"ఆయన మళ్ళీ నవ్వితే?"

"నవ్వనీ. గిన్నెలు చూపించు."

ఆ పిల్ల రెండు చేతులూ చాపింది. టీచరమ్మ పళ్ళెం అందించి, పట్టు కుదిరిందో లేదో చూసి, తన చేతులు వెనక్కి తీసుకుంది.