చూడకుండా కొన్న సాఫ్ట్‌వేర్

గుంటూరు పక్కన ఒక మిరప కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ చూసేవాణ్ణి. ఏ రైతు మిరప బస్తా, మా భాషలో టిక్కీ, ఏ గదిలో, ఏ వరసలో ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు మా ఓనరుతో గొంతు పోయేలా వాదించాను. కోడ్ అందరికీ కనబడే ఓపెన్ సోర్స్‌ది తీసుకుందామండీ, పదిమంది కళ్లు పడితే తప్పు దాగదు, రికార్డుల నకలు మన దగ్గరే ఉంటుంది అన్నాను.

"తలుపులు బార్లా తీసిపెట్టి దొంగల్ని రమ్మంటావేందయ్యా? కంపెనీవాళ్లది లోపలేముందో ఎవడికీ కనపడదు. అదే సేఫ్" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి మిర్చి యార్డులో కుట్టిన టిక్కీని కుట్టినట్టు ఏనాడూ కొనలేదు. కుట్టు విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు కాయ తీసి తుంచి చూస్తేగానీ రేటు చెప్పడు. పైన మంచికాయ పోసి అడుగున తాలు దాచేవాళ్లని ఎంతమందిని పట్టుకున్నాడో! సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మూట విప్పనివాడే పెద్దమనిషి. ఓపెన్ సోర్సయితే చాలు, దొంగ రాడని నేనూ అనను. ఎవరూ చదవని కోడ్ తెరిచున్నా ఒకటే, మూసున్నా ఒకటే. కానీ చూసే వీలన్నా ఉండాలిగా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. చివరికి కంపెనీదే కొన్నాడు.

నారు పోసే రోజుల్లో ఒక పొద్దున సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. కొన్నవాళ్లందరికీ ఆ కంపెనీ లోపల ఒకే పాస్‌వర్డ్ పెట్టిందట. ఎవడో అది కనిపెట్టి అందరి రికార్డులకూ తాళం వేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే "చూస్తున్నామండీ" అనే మాట తప్ప ఇంకోటి లేదు.

అదే పొద్దున అద్దంకి వైపు నుంచి ఒక రైతామె వచ్చింది. ఆమెవి రెండే టిక్కీలు. వాళ్ల అత్త నాటి నుంచి కాపాడుకొస్తున్న నాటు కాయ, విత్తనానికి దాచుకుంది. రసీదు మీద నంబరుంది గానీ, ఆ నంబరు ఏ వరసలో ఉందో కంప్యూటర్‌కే తెలుసు. వేల టిక్కీల్లో ఎక్కడని వెతికేది? నాలుగు రోజులు హమాలీలతో కలిసి వరసలు దించి ఎక్కించాం. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఆమె రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చునేది.

ఐదో రోజు కంపెనీవాళ్లు ఎలాగో తాళం విప్పితే స్క్రీన్ తెరుచుకుంది. నంబరు చూసి పరిగెత్తాను. ఆ చోటు ఖాళీ. మా వెతుకులాటలో వరసలు కలిసిపోయి, ముందురోజే ఆ రెండూ వేరేవాళ్ల సరుకుతో పాటు కారం మిల్లు లారీ ఎక్కేశాయి. మిల్లుకి ఫోన్ చేస్తే, అప్పటికే కారం పట్టేశారట.

"ప్యాకెట్ విత్తనం మంచిది కొనిస్తాలేమ్మా" అన్నాడు ఓనరు.

ఆమె ఆయన వంక చూడనన్నా చూడలేదు.

"ఆ కారమన్నా ఒక గిద్దెడు తెప్పించు బాబూ. మా అత్త కాయ రుచి ఆఖరుసారి పిల్లలకి చూపిస్తా" అంది నాతో.