హెల్మెట్ తీసినవాడు

లవెల్ పెట్వేకి మెడ లేదని మా ఊళ్ళో చిన్నప్పటి నుంచే అనేవారు. భుజాల మీద తిన్నగా తలకాయ తెచ్చి పెట్టినట్టుండేవాడు. ఆదివారం చర్చికి తయారుచేస్తూ వాళ్ళమ్మ విల్లీ మే, "ఈ టై ఎక్కడ కట్టమంటావురా నాయనా, చెవులకా?" అని విసుక్కునేది. ఆవిడ క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కత్తి పట్టుకుని చేపలు కోసే మనిషి. అలబామా నల్లరేగడి పల్లెల్లో మగపిల్లాడికి ఆ రోజుల్లో రెండే దార్లు. ఒకటి ఆ ఫ్యాక్టరీ, రెండోది ఫుట్‌బాల్, అంటే కాలితో తన్నేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని బంతి చేతపట్టి గుద్దుకుంటూ ఆడే అమెరికా ఆట. కొడుకు ఫ్యాక్టరీ గుమ్మం తొక్కకూడదని ఆవిడ పట్టు. తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో అప్పుడు ఆవిడకీ తెలియదు, మాకెవరికీ తెలియదు. వేళ్ళు తెగితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

వాణ్ణి లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టారు. ముందు వరుసలో ఏనుగుల్లాంటి వాళ్ళు ఒకర్నొకరు తోసుకుంటుంటే, వాళ్ళ వెనక కాచుకుని ఉండి, బంతి ఎటు పోతుందో ఎదుటివాడి నడుము చూసి పసిగట్టి, సందు దొరగ్గానే దూసుకెళ్ళి బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టాలి. కాళ్ళకంటే ముందు బుర్ర పరిగెత్తాల్సిన పని అది. లవెల్ బుర్ర పరిగెత్తేది. ఎదుటివాళ్ళు నిలబడే తీరు ఒక్కసారి చూస్తే చాలు, రాబోయే ఆట ఏమిటో పక్కవాళ్ళకి అరిచి చెప్పేవాడు.

పేరున్న కాలేజీలు వాడి వంక చూడలేదు. ఓ చిన్న కాలేజీ తిండి పెట్టి ఆడించింది. పెద్ద జట్లు కుర్రాళ్ళని ఏరుకునే రోజున విల్లీ మే ఇంట్లో సగం ఊరు టీవీ ముందు చేరింది. పంది మాంసం, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె అన్నీ చల్లారిపోయాయి గానీ లవెల్ పేరు ఎవరూ పిలవలేదు. తర్వాత ఉత్తరాదిన సరస్సు ఒడ్డునున్న ఒక నగరం జట్టు, వచ్చి పరీక్షకి నిలబడమంది. ఊరికే రమ్మంది, అంతే. ఉంచుకుంటామని అనలేదు.

అక్కడ దొరికాడు వాడికి క్లియోఫస్ మాక్లిన్. ముందు వరుసలో ఆడే కొండలాంటి మనిషి. పక్క జిల్లా వాడే. లవెల్ నోరు విప్పగానే తల తిప్పి చూశాడు.

"ఏరా, మీది చేపల ఊరు కదూ? వాసన ఇక్కడిదాకా వస్తోంది."

"మేం కోస్తేనే కదరా నువ్వింత పెరిగావు," అన్నాడు లవెల్.

ఆ పూటకే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినడం మొదలుపెట్టారు. ఆ చలిలో, ఆ పరాయి మాటల మధ్య, మన యాస వినబడితే ప్రాణం లేచొస్తుంది కదా.

మొదట్లో లవెల్‌ని ఎవరూ చెయ్యడానికి ఇష్టపడని పనులకే దింపారు. వాడి చోట ఆడే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఆయన మోకాలు విరిగింది. "నాలుగు వారాల్లో వచ్చేస్తా, సీటు వెచ్చగా ఉంచు తమ్ముడూ," అని నవ్వుతూ స్ట్రెచర్ మీద వెళ్ళాడు. ఆ సీటు ఆయనకి మళ్ళీ దొరకలేదు. లవెల్ ఆయనకి ఒకసారి ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తోచక మానేశాడు. కోచ్ స్టాన్కో అప్పుడప్పుడూ అనేవాడు, "పడుకున్నవాడి కంచంలో ఇంకొకడు తింటాడు," అని. ఆ మాట లవెల్‌కి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకొకడి కంచంలో తింటున్నవాడు వాడే.

ఇక వాడే జట్టుకి గొంతు. హెల్మెట్‌లో చిన్న స్పీకరు ఉంటుంది, స్టాన్కో మాట అందులో వాడొక్కడికే వినపడుతుంది. వాడది మిగిలిన పదిమందికి అరిచి చెప్పాలి. వాడు తప్పు చెబితే పదిమందీ తప్పు దారి పడతారు.

ఆ ఆటలో ఎక్కడా రాయని ఆచారం ఒకటుంది. ఎవడికైనా తలకి దెబ్బ తగిలి కళ్ళు తేలేస్తే, పక్కవాళ్ళు వాడి భుజం కవచం పట్టుకుని లేపి, బెంచీకి వాడి వీపు తిప్పి నిలబెడతారు. తేరుకునే దాకా అడ్డం నిలబడతారు. డాక్టర్ల కంట పడనివ్వరు. మైదానం నుంచి మోసుకుపోతే వాడి తిండి పోతుందని భయం. అలా నిలబెట్టడాన్నే అక్కడ స్నేహమంటారు. తప్పని నేను తేలిగ్గా అనలేను, ఆ కంచం నాది కాదు. కానీ ఆ స్నేహం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటిసారి లవెల్‌కి అలా అయినప్పుడు కళ్ళెదుట క్లియో ముఖం ఉంది.

"ఎక్కడున్నాంరా?" అన్నాడు లవెల్.

"పనిలో ఉన్నాం. నిలబడు." క్లియో వాడి కవచం రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. చుట్టూ చూసి, అప్పుడు ఆడాల్సిన ఆట ఏదో వాడి చెవిలో చెప్పాడు. లవెల్ అది గట్టిగా అరిచాడు. పదిమందీ కదిలారు. ఆ రోజు గెలిచారు కూడా. సాయంత్రం ఇద్దరూ దాని గురించి పడీపడీ నవ్వుకున్నారు.

రెండోసారికి నవ్వు తగ్గింది. ఆ తర్వాత అదొక పద్ధతి అయిపోయింది. దెబ్బ తగిలినప్పుడే కాదు, ఒక్కోసారి ఏ దెబ్బా తగలకుండానే స్టాన్కో మాటలు లవెల్ చెవిలో పడి చెల్లాచెదరైపోయేవి. అప్పుడు క్లియో వంక చూసేవాడు. క్లియో పెదవులు కదిలించేవాడు. చూసేవాళ్ళకి లవెల్ పెట్వే గొంతు ఎప్పటిలాగే ఖంగుమనేది.

ఇంట్లో మాత్రం వాడి భార్య అర్నెట్టా చూస్తూనే ఉంది. ఆమె స్కూలు టీచరు, పిల్లలు ఏది దాస్తున్నారో నడక చూసి చెప్పగలదు. ఒకరోజు మధ్యాహ్నం మొగుడు ట్రక్కు ఇంటి ముందు ఆపి ఇంజను కట్టేయకుండా కూర్చున్నాడు. బయటికెళ్ళి అద్దం కొట్టింది. "వెళ్తున్నావా, వచ్చావా?" అనడిగింది. లవెల్ స్టీరింగు వంకా, ఇంటి వంకా చూశాడు. "నువ్వే చెప్పు," అన్నాడు నవ్వబోతూ. ఆమె నవ్వలేదు.

మంగళవారాలు వాళ్ళకి సెలవు. ఆ మంగళవారం క్లియో భోజనానికి వచ్చాడు. అర్నెట్టా చికెన్ వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"క్లియో, మా ఆయనకి నువ్వు చెవిలో చెబుతున్నావట కదా."

క్లియో చేతిలోని ముక్క కంచంలో పెట్టేశాడు. లవెల్ మాత్రం నవ్వేశాడు. "అందరికీ అందరూ చెప్పుకుంటారే. అది ఆట."

"నిన్ను కాదు నేనడిగేది." ఆమె క్లియో మీంచి కళ్ళు తిప్పలేదు. "నీ చేతుల మీద నిలబడుతున్నాడు మనిషి. ఎన్నాళ్ళు మోస్తావు? రేపు వీడికి నేనెవరో తెలియకపోతే, అప్పుడు కూడా వచ్చి చెవిలో చెబుతావా?"

"అమ్మా, ఎవరికీ చెప్పొద్దని వాడంటే నేనేం చేసేది?" అన్నాడు క్లియో మెల్లగా.

"వాడు వద్దంటాడనే కదా నిన్నడుగుతున్నది."

ఆ తర్వాత ముగ్గురూ తిండి మీద దృష్టి పెట్టారు. తలుపు దగ్గర సాగనంపుతూ లవెల్ స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు. "దాని మాటలు పట్టించుకోకు. ఈ ఏడాది, పైన ఇంకో ఏడాది. అమ్మకి కడుతున్న ఇల్లు పూర్తవుతుంది. నన్ను పడనివ్వకురా." క్లియో చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాడు.

డిసెంబరులో మంచు పడుతున్న ఆదివారం అది జరిగింది. బంతి పట్టుకుని వచ్చినవాడూ లవెలూ తలలు వంచి ఢీకొన్నారు. ఆ చప్పుడికి స్టేడియం అంతా ముందు కేరింత కొట్టి, వెంటనే చల్లబడింది. లవెల్ మోకాళ్ళ మీద ఉన్నాడు. లేచాడు. చెవిలో స్టాన్కో గొంతు వినిపిస్తోంది. ఒక్కొక్క మాటా తెలిసినదే, అన్నీ కలిపితే మాత్రం ఏమీ కావడం లేదు. క్లియో వచ్చి ఎప్పటిలాగే కవచం పట్టుకున్నాడు, ఎప్పటిలాగే బెంచీకి వాడి వీపు తిప్పాడు.

"చెప్పరా," అన్నాడు లవెల్.

క్లియో చెప్పలేదు.

"చెప్పరా, అందరూ చూస్తున్నారు."

క్లియో వాడి గడ్డం కింద పట్టీ విప్పాడు. రెండు చేతులతో హెల్మెట్ పైకి లాగేశాడు. లవెల్ చెవులకి ఒక్కసారిగా చలి కొట్టింది, జనం గోల కొట్టింది. హెల్మెట్ లేకుండా ఎవడూ ఆడకూడదు. క్లియో దాన్ని చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా, గీత దాటి బెంచీ వైపు నడిచాడు. స్టాన్కో బూతులు తిడుతూ ఎదురొచ్చి చెయ్యి చాచాడు. క్లియో ఆయన్ని దాటుకుపోయి హెల్మెట్ డాక్టరమ్మ చేతిలో పెట్టాడు.

"అమ్మా, వాడు మూడేళ్ళుగా అరుస్తున్నది నా మాట. వాడి మాట కాదు. ఇక నేను చెప్పను."

వెనకే వచ్చిన లవెల్ ఆ మాట విన్నాడు. ఆ రోజు జరిగినవాటిలో చాలా వాడికి గుర్తులేవు గానీ ఆ మాట మాత్రం గుర్తుండిపోయింది. డాక్టరమ్మ ఏ నెలని అడిగితే మంచులో నిలబడి ఆగస్టు అన్నాడట.

వాడి ఆట అక్కడితో సరి. వసంతంలో జట్టు వదిలేసింది. సామాను సర్దుకునే రోజున క్లియో గదిలోకి వచ్చాడు.

"లవెల్."

"ఎవరడిగారు నిన్ను?" అన్నాడు లవెల్. "నాకున్నది ఒక్క పని. అందరి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేశావు. నా ఎదురుగా రాకు. మా గుమ్మం ఎక్కకు."

క్లియో తల ఊపి వెళ్ళిపోయాడు. వాడికీ మిగిలిందేమీ లేదు. ఆచారం తప్పినవాడి పక్కన ఎవరూ కూర్చోరు. బట్టలు మార్చుకునే గదిలో వాడు లోపలికొస్తే మాటలు ఆగిపోయేవట. మరుసటేడు స్టాన్కో వాణ్ణి పడమటి తీరంలో ఏదో జట్టుకి పంపించేశాడు.

లవెల్ మా ఊరు వచ్చేశాడు. అర్నెట్టా ఇక్కడి స్కూల్లో చేరింది. దెబ్బలు ఆగాక తల కొంత కుదుటపడింది. మరీ మొదటిలా కాదు. మంచి రోజుల్లో చర్చి పైకప్పు తనే వేశాడు, వాళ్ళమ్మ పోయినప్పుడు ఆవిడ గురించి నిలబడి మాట్లాడాడు. చెడ్డ రోజుల్లో తలుపులు వేసుకుని పడుకునేవాడు. ఏ రోజైనా సరే క్లియో పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు.

ఒక ఆదివారం టీవీలో పడమటి జట్టు ఆట వస్తోంది. ముందు వరుసలో క్లియో కనబడ్డాడు. గుంపు విడిపోయాక వాడొక్కడే ఇంకా నేల మీద చెయ్యి ఆన్చి ఉన్నాడు. లేచాడు, రెండడుగులు వేశాడు, ఎదుటి జట్టు వైపు నిలబడబోయాడు. ఎవరో నవ్వుతూ ఇటు తోశారు. ఆ నిలబడటం ఏమిటో లవెల్‌కి తెలుసు. ఆ గదిలో వాడికి తెలిసినంతగా ఆ స్టేడియంలో ఎవరికీ తెలియదు.

"ఫోన్ చెయ్యి," అంది అర్నెట్టా. "వాళ్ళ కోచ్‌కి చెయ్యి, డాక్టరుకి చెయ్యి, ఎవరికో ఒకరికి చెయ్యి."

"వాడి తల వాడిష్టం," అని లవెల్ టీవీ కట్టేశాడు.

అది కోపమని వాడనుకున్నాడు. కోపం ఎంత ఉందో కుళ్ళూ అంతే ఉంది, క్లియో ఇంకా ఆడుతున్నాడని. క్లియో మరో మూడేళ్ళు ఆడాడు. కొత్త జట్టులో వాణ్ణి నిలబెట్టే స్నేహితుడూ లేడు, దించే స్నేహితుడూ లేడు.

క్లియో ఆట మానేసి ఇంటికి వచ్చేశాడని, అక్క ఓరాలీ దగ్గర ఉంటున్నాడని మాకు చర్చిలో తెలిసింది. లవెల్ ఆ చలికాలమంతా రేపు, ఎల్లుండి అంటూ గడిపాడు. చివరికి అర్నెట్టా కారు తీసి, ఎక్కమంది.

క్లియో వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు. లవెల్ మెట్లెక్కుతుంటే మర్యాదగా లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోండి సార్. అక్క లోపలుంది, పిలవనా?"

లవెల్ కూర్చున్నాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎప్పుడూ ఏరా అనే మనిషికి చెప్పాల్సినవి. ఈ మనిషి సార్ అంటున్నాడు.

"మీరూ ఆడేవారా సార్? భుజాలు చూస్తే అలా ఉన్నారు."

"ఆడాను."

"నా వెనకాల ఒకడు నిలబడేవాడు. లవెల్ అని, మా వైపు వాడే. వాడంత తెలివైనవాణ్ణి నేను చూడలేదు." క్లియో ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశాడు. "వాడి హెల్మెట్ నేనే తీసేశాను సార్."

"ఎందుకు తీశారు?"

"తీయకపోతే ఇదిగో, ఇలా అయిపోయేవాడు," అని క్లియో తన తల చూపించాడు, వేరే ఎవరిదో చూపిస్తున్నట్టు.

లవెల్ కుర్చీలోంచి జారి వాడి మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు. గింజల గిన్నె ఒరిగిపోయింది. "నేనేరా. లవెల్‌ని. వచ్చానురా."

క్లియో వంగి వాడి ముఖం శ్రద్ధగా చూశాడు. పెద్దమనిషిని నొప్పించకూడదన్నట్టు నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

"కాదు సార్. లవెల్ రాడు. వాడికి నా మీద కోపం."

"కోపం పోయిందిరా వాడికి. ఎప్పుడో పోయింది."

"మీకెలా తెలుసు సార్?" అన్నాడు క్లియో. "వాడు రాలేదుగా."